9 వేల ఎలక్ట్రిక్ గిటార్: పికప్‌లు మార్చాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

కాకినాడ_కార్డ్స్
పోయిన నెల ఆన్‌లైన్‌లో స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారం గిటార్ ఒకటి తెప్పించుకున్నా. 9 వేలు పడింది. 10 వాట్ల చిన్న యాంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) విడిగా కొన్నా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. వాయించబోతే మాత్రం ప్రాణం విసిగిపోతోంది.

మొదటిది ట్యూనింగ్. ట్యూనర్‌లో ఆరు తీగలూ పచ్చగా చూపిస్తాయి. ఇ మైనర్ వాయిస్తే బాగానే ఉంటుంది. అదే సి కార్డో, ఎఫ్ కార్డో పడితే కొన్ని తీగలు శ్రుతి పైకి పోయినట్టు వినిపిస్తాయి. కాసేపు బెండ్స్ చేస్తే, అంటే తీగని పక్కకి లాగి వాయిస్తే, జి తీగ దిగిపోతుంది. రెండోది, లావు తీగ మీద మొదటి నాలుగైదు ఫ్రెట్‌లలో (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) జర్రుమని శబ్దం. మూడోది హమ్. యాంప్ ఆన్ చేస్తే చాలు, బుయ్యిమని మోత. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే మళ్ళీ మొదలు.

ఊళ్ళో షాపులో చూపిస్తే "తక్కువ రేటు గిటార్లు ఇంతే, పికప్‌లు మార్చుకో, సెట్ 6 వేలు" అన్నారు. పికప్‌లంటే తీగల కింద ఉండి వాటి కదలికని యాంప్‌కి పంపే అయస్కాంతం ముక్కలు. మార్చేయమంటారా? శ్రుతి చేసే కీలు కూడా మార్చాలా? గిటార్ అంటే నాకు పిచ్చి ఇష్టం, డబ్బు మాత్రం లెక్క చూసి ఖర్చు పెట్టాలి.

ఆరుతీగలు
మార్చొద్దు. మీరు చెప్పిన మూడింట్లో ఒక్కదానికి కూడా పికప్ మందు కాదు. మొదటి రెండూ నట్ (కీల దగ్గర తీగలు కూర్చునే గాట్ల పట్టీ), నెక్ (పిడి) సంగతులు. మూడోది కొంత వైరింగ్, కొంత మీ ఇంటి కరెంటు. సాయంత్రం వివరంగా రాస్తాను. అప్పటిదాకా ఆ 6 వేలు జేబులోంచి తీయకండి.

బెజవాడ_బేస్
+1. పికప్ మార్చడం అరగంట పని, నట్ సరిచేయడానికి ఓపిక కావాలి. షాపుల్లో మొదటిదే ఎందుకు చెప్తారో అర్థమైపోయింది కదా.

నల్లకుంట_నోట్స్
ఒక్క నిమిషం. పికప్ దండగ అన్నట్టు మాట్లాడకండి. నా పాత గిటార్‌లో సిరామిక్ అయస్కాంతాల పికప్‌లు తీసేసి ఆల్నికో 5 (ఒక రకం లోహపు అయస్కాంతం) సెట్ పెట్టించా. క్లీన్ టోన్ మొత్తం మారిపోయింది. చప్పగా గీసినట్టుండే శబ్దం పోయి, ఒక్కో తీగ విడివిడిగా వినిపించింది. తేడా ఊహ కాదు, రికార్డు చేసి విన్నాను.

ఆరుతీగలు
@నల్లకుంట_నోట్స్ తేడా ఉండదని నేను అనలేదు భాయ్. శ్రుతి నిలవని గిటార్‌కి మంచి పికప్ పెడితే ఆ అపశ్రుతి ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. వరస ముఖ్యం.

@కాకినాడ_కార్డ్స్ ఇక మీ గిటార్ దగ్గరికి వద్దాం. ఓపెన్ తీగలు సరిగ్గా ఉండి, మొదటి రెండు ఫ్రెట్‌లలో నొక్కిన నోట్లు మాత్రం పైకి పోతున్నాయంటే నట్‌లో గాట్లు ఎత్తుగా ఉన్నాయన్నమాట. తీగ ఎత్తులో ఉంటే నొక్కేటప్పుడు ఎక్కువ సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. ఫ్యాక్టరీలో టైమ్ పడుతుందని గాట్లు లోతుగా కొయ్యరు. తక్కువ రేటు గిటార్లన్నిటికీ ఉన్న మొదటి జబ్బు ఇదే.

పరీక్ష చాలా తేలిక. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్ మీద, తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంతుందో వెలుతురులో చూడండి. వెంట్రుకవాసి సందు ఉంటే చాలు. తీగని వేలితో తడితే సన్నగా "టిక్" అనాలి. సందు కంటికి బాగా కనిపిస్తోందంటే ఆ గాటు దించాల్సిందే. ఆరు తీగలకీ విడివిడిగా చూసి ఇక్కడ రాయండి.

బెండ్ చేశాక జి తీగ దిగిపోవడం కూడా ఎక్కువసార్లు నట్ వల్లే. గాటు ఇరుకైతే తీగ అందులో ఇరుక్కుంటుంది, బెండ్ అయ్యాక పూర్తిగా వెనక్కి రాదు. కీ తిప్పేటప్పుడు "టింగ్" మని చిన్న శబ్దం వస్తోందా? వస్తే దొంగ దొరికినట్టే. తీగ వదులు చేసి, పెన్సిల్ మొన గాట్లో రుద్దండి. పెన్సిల్ గ్రాఫైట్ కందెనలా పనిచేస్తుంది. ఖర్చు లేదు.

కాకినాడ_కార్డ్స్
టింగ్ మంటోంది అన్నా!! జి తీగకి ప్రతిసారీ. నేను కీలే చెడిపోయాయనుకున్నా. మూడో ఫ్రెట్ పరీక్ష కూడా చేశా. లావు తీగలు రెండింటికీ, బి తీగకీ సందు బాగా కనిపిస్తోంది. మిగతావి కొంచెం నయం.

బెజవాడ_బేస్
కీల మీద అనవసరంగా నింద పడిందన్నమాట. తీగ ఎక్కించేటప్పుడు కీకి రెండు మూడు చుట్లు పడేలా, కిందికి దిగేలా చుట్టావా? కొత్త తీగలైతే వేలితో కాస్త లాగి లాగి సాగదీసి మళ్ళీ ట్యూన్ చెయ్యాలి. ఈ రెండూ చేశాక కూడా దిగిపోతేనే కీల గురించి ఆలోచించు.

ఓవర్‌డ్రైవ్_ఓరుగల్లు
నాది వేరే అభిప్రాయం. అంత శ్రమ ఎందుకు తమ్ముడూ? వచ్చినకాడికి అమ్మెయ్యి, ఇంకొన్నాళ్ళు డబ్బు కూడబెట్టి యమహా పసిఫికానో, స్క్వయర్‌నో, కోర్ట్‌నో, ఐబనీజ్ గియోనో కొనుక్కో. లెక్క చూడు: పికప్‌లు 6 వేలు, లాకింగ్ కీలు 3 వేలు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) 3 వేలు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు), స్విచ్, జాక్ కలిపి వెయ్యి. 13 వేలు అయింది. గిటార్‌తో కలిపి 22 వేలు. ఆ డబ్బుకి పేరున్న కంపెనీ గిటార్ వస్తుంది. రేపు అమ్మాలంటే దానికి గిరాకీ ఉంటుంది. పేరులేని గిటార్‌కి నువ్వు ఎన్ని పెట్టినా కొనేవాడు దాన్ని 4 వేల గిటార్‌గానే చూస్తాడు.

నల్లకుంట_నోట్స్
లెక్క కరెక్టే. కానీ విడిభాగాలు ఎక్కడికీ పోవు కదా. నా ఆల్నికో సెట్ ఇప్పుడు మూడో గిటార్‌లో ఉంది. అమ్మేటప్పుడు పాతవి బిగించి అమ్మేశా.

ఓవర్‌డ్రైవ్_ఓరుగల్లు
@నల్లకుంట_నోట్స్ నీకు టంకం పెట్టడం వచ్చు. రానివాడికి ప్రతిసారీ మెకానిక్ ఖర్చు.

టంకం_మాస్టర్
నన్ను పిలిచినట్టున్నారు.

హమ్ గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు, రాస్తాను. కాస్త పెద్దగా ఉంటుంది, ఇందులో ప్రాణాలకి సంబంధించిన మాట ఉంది కాబట్టి మొత్తం చదవండి.

తీగ ముట్టుకుంటే మోత తగ్గుతోందంటే గిటార్ లోపల బ్రిడ్జ్‌కి ఎర్త్ వైరు సరిగ్గానే ఉందని అర్థం. ఇంట్లో వైర్ల నుంచి, ట్యూబ్‌లైట్ల నుంచి, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ల నుంచి, ఫోన్ ఛార్జర్ల నుంచి వచ్చే అలజడిని మన ఒళ్ళు యాంటెన్నాలా పట్టి పికప్‌కి అందిస్తుంది. తీగ ముట్టుకోగానే ఒళ్ళు కూడా ఎర్త్‌కి కలుస్తుంది, మోత తగ్గుతుంది. దీనికి మందు షీల్డింగ్. పికప్‌లు కూర్చునే గుంత లోపల, పిక్‌గార్డ్ వెనక రాగి టేపు అంటించి, ముక్కలన్నిటినీ ఒకదానికొకటి కలిపి, ఒక వైరుతో ఎర్త్‌కి టంకం పెట్టాలి. టేపు జిగురు కూడా కరెంటు పారే రకమే కొనండి, లేకపోతే ముక్కలు అంటుకుంటాయి గానీ కలవవు. మల్టీమీటర్ బీప్ పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి చూసుకోవాలి. జాక్‌లో సిగ్నల్ మొన మాత్రం టేపుకి తగలకూడదు. తగిలితే శబ్దమే రాదు.

షీల్డింగ్ చేసినా సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌కి 50 హెర్ట్జ్ గుమ్మనే మోత కొంత మిగులుతుంది. అది ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చేది, రాగి రేకు దాన్ని ఆపలేదు. గిటార్ పట్టుకుని కుర్చీలో పక్కకి తిరిగి చూడండి, ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది. మధ్య పికప్ తిరగేసి చుట్టినదైతే, పికప్‌లు మార్చే స్విచ్ 2, 4 స్థానాల్లో కూడా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. తీగ ముట్టుకున్నప్పుడు మోత *పెరిగినా*, వేళ్ళకి జుమ్మని చురుకు తగిలినా యాంప్ వెంటనే ఆపేసి ప్లగ్ పీకేయండి. చురుకు తగలడం గిటార్ దోషం కాదు, ఇంటి ఎర్తింగ్ దోషమో యాంప్ దోషమో; మోత పెరగడం మాత్రం గిటార్ జాక్‌లో వైర్లు తారుమారైనా రావచ్చు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఛాసిస్‌కి (లోపలి లోహపు చట్రానికి) కలిసే ఉంటాయి. రేపు మైక్ పట్టుకుని పాడుతూ వాయిస్తే పెదవికీ వేలికీ మధ్య కరెంటు పారొచ్చు.

పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ వెనక ఎర్త్ వైరే ఉండదు. ఉన్నా, పెరట్లో ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. వేసవిలో ఆ గుంతలో బిందెడు నీళ్ళు పోయమని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. మీ ఇంట్లో ఎర్త్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి, మీరు వైర్లు ముట్టుకోకండి. ఇంటికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. పికప్ కంటే ముందు కొనాల్సింది అదే.

సాగరతీరం_వైజాగ్
ఈ పోస్టు పైన పిన్ చెయ్యండి ఎవరైనా. మా రిహార్సల్ గదిలో యాంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ విరిచేసి రెండు పిన్నులతో వాడేవాళ్ళు, "హమ్ తగ్గుతుంది" అని. మైక్ దగ్గర మా సింగర్‌కి షాక్ కొట్టాక గానీ ప్లగ్ మార్చలేదు.

టంకం_మాస్టర్
ఎర్త్ పిన్ ఎప్పుడూ, ఎవరూ, ఏ కారణంతోనూ తీయకూడదు. హమ్‌తో బతకొచ్చు.

కాకినాడ_కార్డ్స్
మాకు చురుకు తగల్లేదు మాస్టారూ, ముట్టుకుంటే తగ్గడమే. అయినా నాన్నకి మీ పోస్టు చదివి వినిపించా, ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తానన్నారు.

జర్రుమనే శబ్దం సంగతి ఎవరైనా చెప్పండి.

ఆరుతీగలు
మొదటి నాలుగైదు ఫ్రెట్‌లలోనే బజ్ వచ్చి పైన రాకపోతే నెక్ మరీ సూటిగానో, వెనక్కి వంగో ఉందన్నమాట. నెక్‌లో తీగల లాగుడుకి సరిపడా చిన్న వంపు కావాలి. తీగ మధ్యలో ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది కదా, దానికి చోటు.

చూసే పద్ధతి: మొదటి ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించండి. ఆరో తీగని (అన్నిటికంటే లావుది) నెక్ బాడీతో కలిసే చోట, అంటే 17వ ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు తీగే మీ స్కేలు. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర తీగ కింద సందు 0.25 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. విజిటింగ్ కార్డు తీగని ఎత్తకుండా ఆనుకుంటూ దూరితే సరిపోయినట్టే. కచ్చితంగా కొలవాలంటే బండి మెకానిక్‌లు వాడే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతుంది.

సందు అసలు లేకపోతే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) వదులు చెయ్యాలి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, ఎదురు వైపు తిప్పితే వదులవుతుంది. ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే. తిప్పాక మళ్ళీ ట్యూన్ చేసి, కాసేపు వదిలేసి, మళ్ళీ కొలవండి. అలెన్ కీ గట్టిగా లోపలికి కూర్చోవాలి, సైజు సరిపోకపోతే మూల అరిగిపోయి రాడ్ పనికిరాకుండా పోతుంది. తిరగకపోతే బలం పెట్టకండి, తెలిసినవాళ్ళకి చూపించండి.

నెక్ అయ్యాక తీగల ఎత్తు. 12వ ఫ్రెట్ పైన లావు తీగ 1.8 నుంచి 2 మి.మీ., సన్న తీగ 1.6 మి.మీ. దగ్గర పెట్టుకోండి. అది కుదిరాక నట్. చివర్న ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్‌లలో కూడా శ్రుతి కుదిరేలా చూడడం: 12వ ఫ్రెట్‌లో హార్మోనిక్ (నొక్కకుండా వేలు తాకించి తీసే స్వరం) వాయించి, అదే ఫ్రెట్ నొక్కి వాయించి ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కని) వెనక్కి జరపండి, తక్కువ చూపిస్తే ముందుకి. ఈ వరస మార్చకండి. ఒకటి కదిపితే దాని తర్వాతవన్నీ కదులుతాయి.

గమకప్రియ
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నేను వీణ నేర్చుకున్నాను, ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక సంగీతం ప్రయత్నిద్దామని ఉంది. వీణలో తీగని పక్కకి లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు తీస్తాం. తక్కువ రేటు గిటార్‌లో అంత లాగితే తీగ ఆగిపోతోంది, శబ్దం చచ్చిపోతోంది. ఖరీదైన గిటార్ కొంటే తప్ప గమకం పలకదా?

ఆరుతీగలు
@గమకప్రియ గారూ, ఖరీదుతో సంబంధం లేదు. ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్‌లు బిగించిన చెక్క) గుండ్రంగా ఉండి, తీగలు మరీ కిందికి ఉంటే లాగినప్పుడు తీగ పక్క ఫ్రెట్‌కి తగిలి ఆగిపోతుంది. స్ట్రాట్ తరహా గిటార్లలో ఫ్రెట్‌బోర్డు 9.5 అంగుళాల రేడియస్ (ఆ వంపు కొలత) ఉండడం మామూలు, పాత పద్ధతివైతే 7.25. మీకు 12 అంగుళాలో అంతకంటే చదునుగానో ఉన్నది నయం. తీగల ఎత్తు పైన నేను చెప్పినదానికంటే కొంచెం పెంచండి. తీగలు సన్నవి, 9-42 సెట్ వేయండి, వేళ్ళు నొప్పిగా ఉంటే ఇంకా సన్నని 8 సెట్. ఫ్రెట్‌లు ఎత్తుగా ఉన్న గిటార్ దొరికితే ఇంకా మంచిది, వేలు చెక్కకి రాసుకోదు. షాపుకి వెళ్ళినప్పుడు 12వ ఫ్రెట్ పైన సన్న తీగని పూర్తి రెండు స్వరాలు లాగి చూడండి. ఆగకుండా పలికితే అది మీ గిటార్.

బెజవాడ_బేస్
మాండొలిన్ శ్రీనివాస్ గారు మన పాలకొల్లు వారే కదా. పాశ్చాత్య వాద్యాన్ని తీసుకుని, జంట తీగల స్థానంలో ఒంటి తీగలు పెట్టి, ఐదో తీగ చేర్పించుకుని, ఎలక్ట్రిక్ వాద్యం మీద కచేరీలు చేశారు. 2014లో పోయారు, ఆ లోటు ఇంకా తీరలేదు. వాద్యాన్ని మన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం అంటే అదీ. మీరు ధైర్యంగా మొదలుపెట్టండి.

గమకప్రియ
చాలా సంతోషం. ఆయన మాండొలిన్‌ని అట్లా మార్పించుకున్నారని తెలుసు గానీ నా గిటార్‌కి అది వర్తిస్తుందని తట్టలేదు. వీణకి మైనం మీద మెట్లు మళ్ళీ పెట్టించుకోవడం మాకు అలవాటే, ఇక్కడ మాత్రం వాద్యాన్ని ముట్టుకోవాలంటేనే భయపడ్డాను.

డల్లాస్_తీగ
అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే ఒక ఐడియా. ఇక్కడ పాత స్క్వయర్లు స్థానికంగా మనిషి నుంచి మనిషికి చవగ్గా దొరుకుతాయి. స్ట్రాట్ నెక్ నాలుగు మరలతో బిగించి ఉంటుంది. తీగలు తీసేసి, మరలు విప్పి, నెక్ పెద్ద సూట్‌కేసులో మూలగా, బాడీ బట్టల మధ్యలో పెట్టుకుని తీసుకెళ్ళా మా తమ్ముడికి. చింతకాయ పచ్చడి తెచ్చిన పెట్టెలోనే తిరుగు ప్రయాణంలో స్ట్రాట్ వెళ్ళింది. మరలు ఒక కవరులో వేసి బాడీకే టేపు వేయండి. కస్టమ్స్ నిబంధనలు ముందే చూసుకోండి.

ఓవర్‌డ్రైవ్_ఓరుగల్లు
నాలుగు మరలు అన్నావు కాబట్టి గుర్తొచ్చింది. 1954లో వచ్చిన స్ట్రాట్ కట్టుబడే అంత. నెక్ పాడైతే విప్పి ఇంకోటి బిగించొచ్చు. గిటార్ విప్పి చూడ్డానికి భయపడేవాళ్ళకి ఆ ఒక్క మాట చెప్పాలి.

బెజవాడ_బేస్
క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే అయితే 1963లో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ చెక్కడం మొదలుపెట్టాడు. పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో నెక్, మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులతో ట్రెమొలో (తీగల శ్రుతిని ఊపే మీట). దానితోనే స్టేడియాలు ఊపేశాడు. మన దగ్గర బుల్లెట్ స్ప్రింగులకి కొదవలేదు, ఎవరైనా ప్రయత్నించండి!

సాగరతీరం_వైజాగ్
సముద్రం పక్కన ఉండేవాళ్ళకి నా సలహా ఒకటి. పికప్ డబ్బులో కొంత తీగల మీద పెట్టండి. మా దగ్గర ఉప్పుగాలికి మామూలు తీగలు గరుకెక్కి నల్లబడిపోతాయి. కోటింగ్ ఉన్న ఎలిక్సిర్ కంపెనీ తీగల రేటు ఎక్కువే, కానీ చాలా ఎక్కువ కాలం వస్తాయి. వాయించాక పొడిబట్టతో తీగ కింద నుంచి కూడా తుడిచి, కవర్లో పెట్టండి. గోడకి తగిలించి ఫ్యాన్ గాలికి వదలొద్దు. కాకినాడకీ ఇదే వర్తిస్తుంది.

నల్లకుంట_నోట్స్
హైదరాబాద్‌లో దీనికి రివర్స్. వేసవిలో గాలి ఎండిపోయి నెక్ చెక్క కుంచించుకుంటుంది, ఫ్రెట్ చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటాయి. చదునైన చిన్న ఆకురాయి ఏటవాలుగా పట్టుకుని మెల్లగా రాస్తే పోతుంది. ఫ్రెట్‌బోర్డుకి ముందు మాస్కింగ్ టేపు వేసుకోవాలి.

కాకినాడ_కార్డ్స్
అప్‌డేట్. ఫీలర్ గేజ్ బండి స్పేర్ పార్ట్స్ షాపులో దొరికింది. కొలిస్తే సందు అసలు లేదు, 0.05 రేకు కూడా దూరలేదు. పావు చుట్టు వదులు చేసి రాత్రంతా ఉంచా. ఇప్పుడు 0.20 దూరుతోంది. బజ్ దాదాపు పోయింది, రెండో ఫ్రెట్‌లో మాత్రం గట్టిగా కొడితే కొంచెం. పెన్సిల్ రుద్దాక జి తీగ టింగ్ మనడం లేదు, బెండ్ చేసినా శ్రుతి నిలుస్తోంది!!! ఆనందంతో అమ్మకి వినిపించా, "ఇంతకుముందు కూడా ఇలాగే ఉంది కదరా" అంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. నా గది సాకెట్‌లో ఎర్త్ వైరు కలపనే లేదట. కలిపాక హమ్ సగం పైగా తగ్గింది. మాస్టారూ, మీకు ఎంత చెప్పినా తక్కువే. ఇక మిగిలింది నట్. గాట్లు కోసే ఫైళ్ళ (సన్న ఆకురాళ్ళ) సెట్ చాలా రేటు ఉంది, ఏం చెయ్యను?

టంకం_మాస్టర్
ఆ గదిలో ఫ్రిజ్, గీజర్ ఏమున్నా అవి కూడా ఇన్నాళ్ళూ ఎర్త్ లేకుండా నడిచాయన్నమాట. గిటార్ పుణ్యమా అని ఇల్లు బాగుపడింది. చాలా సంతోషంగా ఉంది.

ఆరుతీగలు
లావు తీగల గాట్లకి, అదే మందం పాత తీగ ముక్క చుట్టూ సన్నని ఎమెరీ కాగితం చుట్టి రాయొచ్చు. నెమ్మదిగా, కొంచెం రాసి, తీగ వేసి, మూడో ఫ్రెట్ పరీక్ష చేసి, మళ్ళీ రాయాలి. గాటు కీల వైపుకి వాలుగా ఉండాలి, లేకపోతే సితార్‌లా జుంయ్ మంటుంది. ఎక్కువ లోతైపోతే గాట్లో చిటికెడు వంటసోడా వేసి ఒక చుక్క ఫెవిక్విక్ వదిలితే రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ కోసుకోవచ్చు. బి తీగ లాంటి సన్న గాట్లకి మాత్రం సరైన ఫైలే కావాలి. అవి మాత్రం సెటప్ చేసేవాళ్ళ దగ్గర చేయించుకోండి, ఎముకతో చేసిన కొత్త నట్ వేయించినా పికప్ సెట్‌లో సగం కూడా అవ్వదు.

బెజవాడ_బేస్
ఫెవిక్విక్ వేళ్ళకి అంటించుకోకు తమ్ముడూ, జీవితాంతం ఎఫ్ కార్డ్ పట్టుకునే ఉండాల్సొస్తుంది.

నల్లకుంట_నోట్స్
సరే, ఇప్పుడైనా పికప్ గురించి మాట్లాడొచ్చా? :) కొనే ముందు ఉచితంగా చేసేది ఒకటుంది. పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు పికప్ మొనకీ తీగకీ మధ్య 2 మి.మీ. ప్రాంతంలో ఉండాలి, లావు తీగ వైపు ఇంకొంచెం ఎక్కువ. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి, పై ఫ్రెట్‌లలో నోటు వణికినట్టు రెండు శ్రుతులుగా వినిపిస్తుంది. పక్కనున్న రెండు మరలు తిప్పితే చాలు. చవక గిటార్లు చాలావాటిలో ఇవి తప్పుగా పెట్టి వస్తాయి.

ఆరుతీగలు
ఇందులో నీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా.

ఓవర్‌డ్రైవ్_ఓరుగల్లు
యాంప్ మాట కూడా చెప్పాలి. 10 వాట్ల యాంప్‌లో చిన్న స్పీకరు. ఏ పికప్ పెట్టినా చివరికి ఆ స్పీకర్‌లోంచే రావాలి. లాప్‌టాప్ ఉంటే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) కొనుక్కుని, యాంప్‌ల శబ్దాన్ని అనుకరించే న్యూరల్ యాంప్ మోడలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, మంచి హెడ్‌ఫోన్‌లో వాయించు. అదే 6 వేలు అక్కడ పెడితే ఇప్పుడున్న పికప్‌లతోనే నీ గిటార్ నువ్వే గుర్తుపట్టవు. రేపు పసిఫికా కొన్నా ఇంటర్‌ఫేస్ పనికొస్తుంది. పైగా రాత్రి పదింటికి వాయించినా ఇంట్లో ఎవరూ తిట్టరు.

కాకినాడ_కార్డ్స్
ఇది నచ్చింది. మొదట అమ్మెయ్యమన్నది మీరే కదా అన్నా?

ఓవర్‌డ్రైవ్_ఓరుగల్లు
నీ నెక్ మాట విన్నది, ట్రస్ రాడ్ పనిచేస్తోంది, ఫ్రెట్‌లు సమంగా ఉన్నట్టున్నాయి. అట్లాంటి గిటార్ ఉంచుకోవాలె. రాడ్ తిరగనిదైతే ఇప్పటికీ అమ్మెయ్యమనే అంటా.

టంకం_మాస్టర్
ఎప్పుడైనా విడిభాగాలు ఆర్డర్ పెట్టేవాళ్ళకి హెచ్చరిక: ముందు వెర్నియర్‌తో కొలవండి. చవక గిటార్లలో పాట్ రంధ్రాలు చిన్నవి, పెద్ద సైజు సీటీఎస్ కంపెనీ పాట్ దూరదు, పిక్‌గార్డ్ రంధ్రం పెంచాలి. బ్రిడ్జ్ మరల దూరం, కీల రంధ్రాల వెడల్పు, పిక్‌గార్డ్ మరల స్థానాలు, ఏదీ ఫెండర్ కొలతకి కలవాలని లేదు. సింగిల్ కాయిల్‌కి 250కె (కిలోఓమ్‌ల) పాట్, హంబకర్‌కి (రెండు తీగచుట్టల పికప్) 500కె. పాట్, స్విచ్, వైరు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ వెళ్ళేవాళ్ళకి తేలిగ్గా దొరుకుతాయి. వెళ్ళేటప్పుడు పాత పాట్ జేబులో వేసుకెళ్ళండి.

ఎడమచేతివాటం
థ్రెడ్ మొత్తం చదివా. మా పాపది ఎడమచేతి వాటం. మామూలు గిటార్ తిరగేసి తీగలు మార్చి ఇస్తే సరిపోతుందా?

ఆరుతీగలు
వాయించొచ్చు, ప్రఖ్యాత గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అట్లాగే వాయించాడు. కానీ చిన్నపిల్లకి ఇబ్బంది. నట్ గాట్లు తారుమారు అవుతాయి కాబట్టి కొత్త నట్ వేయాలి, స్ట్రాప్ గుండీ రెండో కొమ్ముకి మార్చాలి, వాల్యూమ్ నాబ్‌లూ జాకూ ముంజేయి కిందికి వస్తాయి, ఇంటొనేషన్ మళ్ళీ చెయ్యాలి. పసిఫికా 112జెలో ఎడమచేతి మోడల్ ఉంది, స్క్వయర్‌లోనూ ఉన్నాయి. షాపుల్లో స్టాకు ఉండడం తక్కువ, చెప్పి తెప్పించుకోవాలి. పాప వయసెంత?

ఎడమచేతివాటం
తొమ్మిదేళ్ళు.

ఆరుతీగలు
అయితే ముందు తన చెయ్యి కొలవండి. పూర్తి సైజు స్ట్రాట్ స్కేలు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) 25.5 అంగుళాలు, మొదటి ఫ్రెట్ దాకా చెయ్యి చాచడం తనకి కష్టం. పొట్టి స్కేలులో ఎడమచేతివి చాలా తక్కువ, కాబట్టి షాపుకి తీసుకెళ్ళి రెండు వైపులా పట్టుకోనివ్వండి. కొందరు ఎడమచేతి పిల్లలు కుడిచేతి గిటారే హాయిగా పట్టుకుంటారు. తను ఎటు సుఖంగా ఉందో చూసి ఇక్కడ రాయండి, మోడల్ అప్పుడు చూద్దాం.